కప్పు పడాలి

బొగ్గు బాయిలో పనిచేశానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట: "మీద పడదా?" పడుతుంది. పడాలి కూడా. గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్‌గా ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువ భయపడింది పడే కప్పుకు కాదు, పడాల్సిన సమయానికి పడకుండా వేలాడే కప్పుకు.

సింగరేణిలో 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైనప్పటి నుంచీ భూగర్భంలో ఎక్కువగా నడిచింది బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతే. బొగ్గు పొరలో నిలువుగా, అడ్డంగా గ్యాలరీలు తోలుకుంటూ పోతారు. మధ్యలో చదరపు బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. అవే పిల్లర్లు. గ్యాలరీ 4.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు దాటకూడదని రూలు. లోతు పెరిగేకొద్దీ పిల్లర్ కూడా పెద్దదవ్వాలి. ఒక గ్యాలరీ నడిమధ్య నుంచి పక్క గ్యాలరీ నడిమధ్యకు 30 మీటర్లు, వెడల్పు 4.2 మీటర్లు అనుకుందాం. లెక్క వేస్తే చేతికొచ్చేది నూటికి 26 పాళ్ల బొగ్గు. మిగతాదంతా పిల్లర్లలోనే నిలబడి ఉంటుంది.

పైన 300 మీటర్ల మందాన రాయి ఉంటే దాన్ని మోసేది పిల్లర్లే. మనం పెట్టే కర్రలూ బోల్టులూ దాన్ని ఆపుతాయనుకుంటే భ్రమ. గ్యాలరీ నెత్తిన ఉన్న మొదటి ఒకటి రెండు మీటర్ల రాయి కిందికి వంగి, పొరలు విడిపోయి ఊడిపడుతుంది. సపోర్టు దానికోసమే. పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి బొంత కుట్టినట్టు, రూఫ్ బోల్టు ఆ పొరలన్నిటినీ కలిపి ఒక్కటి చేస్తుంది.

బోల్టు వేయడం చూడ్డానికి తేలికే. కప్పులోకి మీటరున్నరో, 1.8 మీటర్లో బొక్క కొట్టి, సిమెంటు క్యాప్సూళ్లు దూర్చి, ఇనుప కడ్డీ ఎక్కించి, ప్లేటు పెట్టి నట్టు బిగిస్తారు. అసలు పనితనమంతా నీళ్ల బకెట్ దగ్గర ఉంది. క్యాప్సూల్‌ను నీళ్లలో వేయగానే బుడగలొస్తాయి. అవి ఆగాకే తీయాలి. ఆత్రంగా ముందే తీస్తే లోపల పొడి పొడిగా ఉండిపోతుంది. ఏమరుపాటున వదిలేస్తే బకెట్లోనే రాయవుతుంది. బాగా పడిన బోల్టును అరగంటకు 3 టన్నుల బలంతో, రెండు గంటలకు 5 టన్నుల బలంతో లాగినా కదలకూడదు. కింద నిలబడి చూస్తే మంచి బోల్టూ దొంగ బోల్టూ ఒక్కలాగే కనపడతాయి, ప్లేటూ నట్టూ అంతే. అందుకే లాగి చూసే పరీక్షను నేనెప్పుడూ లాంఛనమనుకోలేదు.

పిల్లర్లలోని బొగ్గు తీయడాన్ని డీపిల్లరింగ్ అంటారు. అవతలి చివర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ, ఒక్కో పిల్లర్‌ను చీల్చి, ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఖాళీ అయిన చోటు గోఫు. అక్కడి సపోర్టు తీసేస్తే కప్పు కూలి, ఆ రాళ్లే గుట్టపడి గోఫును నింపాలి. అలా నిండితే పైబరువు మన మీద నుంచి కొంత దిగుతుంది. పైన ఊరో, రైలు కట్టో ఉంటే మాత్రం కూలనివ్వరు, ఇసుకను నీళ్లతో పంపి గోఫును నింపేస్తారు.

మా గోదావరి లోయలో కప్పు చాలాచోట్ల మందపాటి ఇసుకరాయి. దానికి మొండితనమెక్కువ. గోఫు మీద ఎకరాలకొద్దీ వేలాడి, ఒక్కసారిగా పడుతుంది. అప్పుడు లోపలి గాలంతా గ్యాలరీల్లోకి తన్నుకొస్తుంది. ఆ గాలి దెబ్బకు మనుషులు ఎగిరిపడతారు. అందుకే పొడుగు బొక్కలు కొట్టి, మందు పెట్టి పేల్చి మరీ కప్పును కూలుస్తారు.

ఒక పాత టింబర్‌మన్ నాతో అనేవాడు: "తమ్మీ, కప్పు చప్పుడు జేస్తుంటె జరిగి నిలవడు. చప్పుడు బంద్ వెట్టి ఎంతసేపైందో అది జూస్కో." కర్ర ప్రాపులకు ఒక గుణముంది, విరిగే ముందు కిర్రుమంటాయి. ఇనుము అంత ముందుగా చెప్పదు. ఇప్పుడు కప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రంగు పట్టీలతో చూపే టెల్‌టేల్ ఉంది. మంచి సాధనం. అయినా సర్దారు కర్రతో కప్పును తట్టక తప్పదు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిస్తే డొల్ల చప్పుడొస్తుంది.

లాంగ్‌వాల్ పద్ధతి కప్పును ఆపే ఈ గొడవను చాలావరకు యంత్రానికి అప్పజెప్పింది. 2014లో మొదలైన సింగరేణి అడ్రియాల గనిలో 250 మీటర్ల ముఖం పొడవునా హైడ్రాలిక్ షీల్డులు బారులు తీరి ఉంటాయి. ఒక్కోటి వెయ్యి టన్నులకు పైగా ఆపగలదు. కోత యంత్రం బొగ్గు చెక్కుకుంటూ పోతుంటే షీల్డులు ముందుకు జరుగుతాయి, వెనక కప్పు కూలుతుంది. సూత్రం మాత్రం పాతదే, వెనక పడాలి. కానీ ఆ ముఖం దాకా దారి వేసే గ్యాలరీలు నిలవాల్సింది బోల్టులతోనే. 2022 మార్చిలో ఆ గనిలోనే కప్పు కూలి ముగ్గురు చనిపోయారు.

మళ్లీ మా డీపిల్లరింగ్‌కొస్తే, పెద్ద వాదన ఎప్పుడూ చివరి ముక్క దగ్గరే వచ్చేది. గోఫు అంచున సన్నటి బొగ్గు కొస ఒకటి వదులుతాం, మనం బయటపడేదాకా ఆపడానికి. అదీ తీసేస్తే నాలుగు టబ్బుల బొగ్గు ఎక్కువొస్తుందని పైనుంచి ఒత్తిడి. కొందరు సర్దార్లు ఎందుకొచ్చిన గొడవని రెండింతలు వదిలేసేవారు. రెండూ తప్పే. సన్నబడితే మన ముందే నలుగుతుంది. లావైతే నలగకుండా నిలబడి కప్పును పడనివ్వదు, తర్వాతి షిఫ్టు వాళ్లు వేలాడే కప్పు కింద పనిచేయాల్సొస్తుంది. ప్లానులో దాని కొలత రాసే ఉంటుంది. నేను టేపు పెట్టి కొలిచి, పైవాళ్లు ఎంత గొణిగినా ఆ అంకెనే రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాణ్ని.