టాంజానియా జాతి నిర్మాణంలో స్వాహిలీ భాష

1. ఉపోద్ఘాతం

వలసపాలన నుంచి విముక్తి పొందిన ఆఫ్రికా దేశాలలో అనేకం పాలకుల భాషనే పాలనాభాషగా నిలుపుకున్నాయి. నూటికి పైగా భాషలున్న టాంగన్యికా మాత్రం, అత్యధికులకు మాతృభాష కాని స్వాహిలీని జాతీయభాషగా స్వీకరించింది. ఆ నిర్ణయం ఏమి సాధించిందో, ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాలకుల భాషా విధానం – స్వాతంత్ర్యోద్యమం

తూర్పు ఆఫ్రికా తీరప్రాంతపు భాష అయిన స్వాహిలీ వర్తకుల ద్వారా లోపలి ప్రాంతాలకు చేరింది. జర్మన్ పాలకులు దానిని కిందిస్థాయి పరిపాలనలో వాడారు. బ్రిటిష్ పాలకులు ప్రాథమిక పాఠశాలల్లో కొనసాగించారు. పాలకులు తమ సౌకర్యం కోసం వాడిన ఆ భాషలోనే, 1954లో జూలియస్ నైరేరే నాయకత్వంలో ఏర్పడిన 'టాను' పార్టీ ప్రజలను సమీకరించింది. స్వాహిలీ ఏ పెద్ద తెగకూ సొంతం కాదు. అందువల్ల దానిని అంగీకరిస్తే మరొక తెగ ఆధిక్యాన్ని ఒప్పుకున్నట్లు కాలేదు.

3. స్వాతంత్ర్యం – తొలి సంకటాలు

1961 డిసెంబర్ 9న టాంగన్యికా స్వతంత్రమైంది. నాటికి దేశంలో 85 శాతం మంది నిరక్షరాస్యులనీ, ఇంజనీర్లు ఇద్దరు, వైద్యులు 12 మంది మాత్రమేననీ నైరేరే తరువాతి కాలంలో గుర్తుచేశారు. 1964 జనవరిలో జీతాల పెంపునూ, బ్రిటిష్ అధికారుల స్థానంలో ఆఫ్రికన్ల నియామకాన్నీ కోరుతూ సైనికులు తిరుగుబాటు చేశారు. దానిని అణచడానికి బ్రిటిష్ సైన్యాన్నే పిలవవలసి వచ్చింది. స్వాతంత్ర్యం ఎంత బలహీనమైన పునాదిపై నిలిచిందో ఈ ఘటన తెలియజేస్తుంది. అదే నెలలో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. ఏప్రిల్ 26న రెండు దేశాలూ ఏకమయ్యాయి. ఆ సమాఖ్యకే తరువాత టాంజానియా అన్న పేరు స్థిరపడింది.

4. స్వాహిలీ విస్తృతి – పరిమితి

1967 ఫిబ్రవరిలో వెలువడిన అరూషా ప్రకటన సోషలిజాన్ని, స్వావలంబనను దేశ విధానంగా ప్రకటించింది. ఆ సోషలిజానికి నైరేరే వాడిన మాట 'ఉజమా'. కుటుంబబంధాన్ని సూచించే ఈ మాట ద్వారా ఆయన రాజకీయ సిద్ధాంతాన్ని గ్రామీణుల అనుభవానికి దగ్గర చేశారు. అయితే 1970లలో ఉజమా గ్రామాల పేరుతోనే లక్షలాది రైతులను బలవంతంగా తరలించారన్నది విస్మరించరానిది.

1967లోనే ప్రాథమిక విద్య మొత్తం స్వాహిలీలోకి మారింది. నైరేరే స్వయంగా షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్'ను 1963లో, 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ను 1969లో స్వాహిలీలోకి అనువదించారు. రెండవ అనువాదానికి 'వెనిస్ పెట్టుబడిదారులు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వర్తకుడు పెట్టుబడిదారుగా మారడంలో ఆనాటి రాజకీయ దృష్టి స్పష్టం. ఇంతటి కృషి జరిగినా ఉన్నత పాఠశాలల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ బోధన ఆంగ్లంలోనే సాగింది. 1980ల తొలినాళ్లలో విద్యాసంఘం మార్పును సిఫార్సు చేసినా ప్రభుత్వం అమలు చేయలేదు.

5. ముగింపు

తెగల మధ్య ఐక్యతకు స్వాహిలీ బలమైన ఆధారమైంది. కానీ ఏడేళ్లు ఆ భాషలో చదివిన విద్యార్థి పైచదువుకు వెళ్లగానే పరభాషలో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఒక భాషకు జాతీయభాషగా గౌరవం లభించినంత మాత్రాన జ్ఞానభాషగా స్థానం దక్కదు. ప్రాథమిక స్థాయిలో సాధించినది ఉన్నతవిద్యకు విస్తరించినప్పుడే భాషావిధానం సంపూర్ణమవుతుందని టాంజానియా అనుభవం నిరూపిస్తున్నది.