‘అనాటమీ’ పదం: అర్థపరిణామం, తెలుగు సమానార్థకాలు

అనంతపురం కరువు కథలపై రాసే సిద్ధాంతవ్యాసానికి ‘కరువు అనాటమీ’ అని పేరు పెట్టదలిస్తే, దానిని తెలుగులో ఏమనాలి? వెంటనే స్ఫురించేది ‘శరీరనిర్మాణ శాస్త్రం’. కాని ‘కరువు శరీరనిర్మాణం’ అంటే అర్థం పొసగదు. కారణం మూలపదంలోనే ఉంది.

గ్రీకులో ‘అన’ అంటే పైకి, ఆసాంతం. ‘తోమె’ అంటే కోత. ‘అనతోమె’ అంటే కోసి విప్పి చూడటం. కోయవీలుకానిది అనే అర్థంలో ‘ఆటమ్’ కూడా ఈ ధాతువు నుండే పుట్టింది. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషు చేరిన ‘అనాటమీ’ మొదట ఒక పనికి పేరు. తరువాత ఆ పనివల్ల కలిగిన జ్ఞానానికి, ఆపైన దేహనిర్మాణానికే పేరైంది. మన ఆలంకారికుల పరిభాషలో ఇది లక్షణ. షేక్‌స్పియర్ నాటికి ఎముకల గూడునూ, బక్కచిక్కిన మనిషినీ ఇదే మాటతో పిలిచేవారు. మొదటి అక్షరాలను ఆర్టికల్‌గా పొరబడి ‘ఆన్ అటమీ’ అని విడదీసినవారూ ఉన్నారు. పదవిభాగంలో తడబాటు మనకొక్కరికే పరిమితం కాదన్నమాట!

సుశ్రుతసంహితలో దేహాన్ని వివరించే భాగం ‘శారీరస్థానం’. ఆ పేరులో కోత లేదు. శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, కుంచెతో మెల్లగా రుద్దుతూ పొరపొరనూ చూడమని అందులోని విధానం.

వైద్యంలో ‘శరీరనిర్మాణ శాస్త్రం’, వృక్షశాస్త్రంలో ‘అంతర్నిర్మాణ శాస్త్రం’ స్థిరపడ్డాయి. రెండూ ఫలితాన్ని చెబుతాయి, పనిని చెప్పవు. కోత అనే అర్థం ‘వ్యవచ్ఛేదం’లో మిగిలింది. విజ్ఞానశాస్త్రాలకు దీనివల్ల నష్టం లేదు. చిక్కంతా సాహిత్య విమర్శలోనే. 1621లో రాబర్ట్ బర్టన్ విషాదాన్ని ‘అనాటమీ’ చేశాడు. 1957లో నార్త్రప్ ఫ్రై విమర్శను చేశాడు. పైగా బర్టన్ గ్రంథాన్ని ఆదర్శంగా చూపి, ‘అనాటమీ’ని ఒక వచన ప్రక్రియకే పేరుగా వాడాడు. ఫ్రై గ్రంథనామాన్ని ‘విమర్శ నిర్మాణం’ అని అనువదిస్తే పాఠకుడు నిర్మాణవాదాన్ని ఊహించుకుంటాడు.

ఇక కరువు. వర్షచ్ఛాయా ప్రాంతం, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, పలుచని ఎర్రనేల, వాననే నమ్ముకున్న వేరుశనగ, దాని వెంట అప్పు. సింగమనేని నారాయణ వంటి రచయితల కథలను ఈ కారణాల వరుసలో పొరలుగా విప్పి చూసే పరిశోధనకు, వినడానికి కాస్త కరకుగా ఉన్నా, ‘కరువు వ్యవచ్ఛేదం’ సరైన పేరు. ‘కరువు నిర్మాణం’ అంటే దానిని ఎవరో కట్టారన్న ధ్వని వస్తుంది. అదీ పూర్తిగా అబద్ధం కాదు గాని, అది వేరే పరిశోధన. కథల రూపాన్ని మాత్రమే పరిశీలించే వారికి ‘కథానిర్మాణం’ చాలు.