ఇల్లు అమ్మి నేర్పించిన ఆట

మన హాస్టల్‌లో క్యారమ్ బోర్డు ఖాళీగా ఉండగా మేమెప్పుడూ చూడలేదు. స్నూకర్ బల్లను మాత్రం మనలో చాలామందిమి టీవీలోనే చూసి ఉంటాం. అది దొరల ఆట అనుకుంటాం గానీ, పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మధ్య.

పన్నెండడుగుల బల్ల. పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు. కర్రతో తెల్ల బంతినే కొట్టాలి. అది తగిలి మిగతావి పాకెట్‌లో పడాలి. ఎర్రదానికి 1 పాయింటు, రంగువాటికి 2 నుంచి 7. ఒక ఎర్రది వేశాక ఒక రంగుది, మళ్లీ ఎర్రది. ఎర్రవి అయిపోయేదాకా పడిన రంగు బంతిని తీసి మళ్లీ బల్ల మీదే పెడతారు. పదిహేనుసార్లూ ఎర్రదాని వెనుక 7 పాయింట్ల నల్లదాన్నే వేస్తే 120, చివర ఆరు రంగులకు 27, మొత్తం 147. క్యారమ్‌లో స్ట్రైకర్ ప్రతిసారీ మన చేతికి తిరిగొస్తుంది. ఇక్కడ తెల్ల బంతి ఆగిన చోటి నుంచే కొట్టాలి. కాబట్టి బంతిని వెయ్యడం సగం పనే. వేశాక తెల్లది ఎక్కడ ఆగాలన్నదే అసలు చదువు.

ఆ చదువులో ఆరితేరినవాడు డింగ్ జున్‌హుయ్. చైనాలోని యిషింగ్‌లో 1987లో పుట్టాడు. కొడుకు చేతివాటం చూసిన తండ్రి బడి మాన్పించి, ఉన్న ఇల్లు అమ్మి, ఆట నేర్పించడానికి గ్వాంగ్‌డాంగ్ తీసుకెళ్లాడు. ఇది గొప్ప త్యాగమని పత్రికలు రాశాయి. మాకైతే భయమేసింది. పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయిన ఇళ్లలో, నల్లగొండ బోరుబావుల అప్పుల్లో పెరిగిన మనకు, ఉన్నదంతా ఒక్క పిల్లవాడి మీద పెట్టడమంటే ఏమిటో తెలుసు. మన చదువులకు మేకలో, అమ్మ కమ్మలో పోయాయి. మిగతాది ఈ హాస్టల్ చూసుకుంది. డింగ్‌కు హాస్టల్ లేదు, వెనక్కి వెళ్లడానికి ఇల్లూ లేదు.

పదహారేళ్లకు ప్రొఫెషనల్ అయ్యాడు. 2005 ఏప్రిల్‌లో, పద్దెనిమిది నిండిన రోజుల్లోనే, ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ స్టీఫెన్ హెండ్రీని 9-5తో ఓడించి చైనా ఓపెన్ గెలిచాడు. అదే డిసెంబరులో స్టీవ్ డేవిస్‌ను 10-6తో ఓడించి, బ్రిటన్, ఐర్లండ్‌ల బయటి నుంచి యూకే చాంపియన్‌షిప్ గెలిచిన మొదటివాడయ్యాడు.

2007 మాస్టర్స్‌లో 147 కొట్టాడు. అదే టోర్నీ ఫైనల్లో రోనీ ఓసల్లివన్ చేతిలో 10-3తో చిత్తయ్యాడు. పరాయి దేశం, ఎదుటివాడి కోసం అరిచే జనం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు కన్నీళ్లు ఆపుకోలేకపోతే, గెలుస్తున్న ఓసల్లివనే భుజం మీద చెయ్యేసి ఓదార్చాడు. 2009లో మళ్లీ యూకే టైటిల్, 2013-14లో ఒకే సీజన్‌లో ఐదు ర్యాంకింగ్ టైటిళ్లు, 2014 డిసెంబరులో ప్రపంచ నంబర్ వన్. ఆసియా నుంచి ఆ స్థానం అందుకున్న మొదటివాడు అతనే. 2016 ప్రపంచ ఫైనల్లో మాత్రం మార్క్ సెల్బీ చేతిలో 18-14తో ఆగిపోయాడు.

అతణ్ణి చూసి చైనా కుర్రాళ్లు ఎందరో ఇంగ్లండ్ దారి పట్టారు. అందరి కథా ఒకటి కాలేదు. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్, పందేల కేసులో పదిమంది చైనా ఆటగాళ్లపై నిషేధం పడింది, ఇద్దరికి జీవితాంతం. ఆ పదిమందిలో జావో షింతాంగ్ ఒకడు. తాను మ్యాచ్‌లు అమ్ముకోలేదు గానీ, పందేలు కాశాడు, మరొకరి ఫిక్సింగ్‌లో పాలుపంచుకున్నాడు. ఇరవై నెలల శిక్ష ముగించుకుని, హోదా పోయి అమెచ్యూర్‌గా క్వాలిఫయింగ్ రౌండ్ల నుంచి మొదలుపెట్టాడు. 2025 మేలో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి, డింగ్‌కు అందని ప్రపంచ టైటిల్‌ను ఆసియాకు మొదటిసారి తెచ్చింది అతనే.