ఇంట్లోనే అచ్చు... చుక్క జాగ్రత్త!

కొన్నేళ్ల క్రితం మా చెల్లెలి కూతురి పెళ్లి రుక్కాలు గిద్దలూరులో వాళ్లింటి వసారాలోనే అచ్చు వేశాం. దగ్గరి బంధువులకు 60 రుక్కాలు చాలు. ఇంత తక్కువ పనికి ప్రెస్సు వాళ్లు మనసు పెట్టరు. ఉర్దూ ఇబారత్ నేనే వెదురు కలంతో రాశాను. మీ రాక మాకు బాయిసె రహమత్ అన్నది చివరి పంక్తి. పదో కాగితం తీసిన పిల్ల పకపకా నవ్వింది. "మామూ, చుట్టాల్ని రావద్దని రాశారా?" అంది. చూద్దును కదా, 'రే' నెత్తిన చుక్క! రే మీద చుక్క పడితే 'జే'. రహమత్ కాస్తా జహమత్ అయింది. అంటే మీ రాక మాకు బాధ! వెనక్కి తిరగేస్తే మొదటి తొమ్మిదింటి మీదా ఆ చుక్క ఉంది.

అది నా కలం పెట్టిన చుక్క కాదు. స్క్రీను మీద పూసే ఎమల్షన్ వెలుగు తగిలినచోట గట్టిపడుతుంది. అక్షరం అడ్డుగా ఉన్నచోట మెత్తగానే ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. రంగు దిగేది ఆ దారిలోనే. వెలుగు చూపేటప్పుడు దుమ్ము రేణువు ఒకటి అడ్డుపడినా అదీ అక్షరం కిందే లెక్క, అక్కడొక సూదిబెజ్జం మిగులుతుంది. తెలుగులో అయితే దాన్ని మరక అనుకుని వదిలేస్తాం. ఉర్దూలో చుక్కే అక్షరాన్ని మారుస్తుంది. అందుకే మొదటి కాగితాన్ని ఉర్దూ బాగా చదివేవారి చేతికి ఇవ్వండి. నేను ఆ పని చేయలేదు. రాసింది నేనే కదా అన్న ధీమా!

ఈ పద్ధతికి ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో పేటెంటు తీసుకున్నాడు. కాగితం కత్తిరించి రంగు దించే విద్య జపానులో అంతకు చాలా ముందునుంచే ఉంది. మీమ్ కడుపులోని ముక్కలాంటివి జారిపోకుండా వాళ్లు సన్నని పట్టుదారాలతో పట్టి ఉంచేవారు. మనకు దగ్గర్లో పెడనలో కొయ్య అచ్చులతో కలంకారీ వేస్తారు. అచ్చు మీద బొమ్మ తిరగేసి చెక్కాలి. స్క్రీనుకు ఆ తిప్పలు లేవు, పైనుంచి ఎలా కనబడితే అలాగే పడుతుంది. స్క్రీను మీద వేసిన గుడ్డను కలంకారీ పేరుతో అమ్మేవారూ ఉన్నారు. అది వేరే గొడవ.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి రుక్కాల ఇబారత్ ఒకప్పుడు కాతిబ్‌లే రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక కంప్యూటరే నస్తాలీఖ్ రాయసాగింది, వాళ్లకు పని తగ్గింది. మన పిల్లల్లో కలం పట్టి ఉర్దూ రాసేవారు ఎందరున్నారో ఇంటింటా లెక్కపెట్టుకోండి.

ఇంట్లో మొదట పూలతీగతో మొదలుపెట్టండి. పాత ఫోటో ఫ్రేము లాంటి కొయ్య చట్రానికి బోల్టింగ్ క్లాత్‌ను డప్పు చర్మంలా బిగించి కొట్టాలి. అంగుళానికి 110 దారాలది గుడ్డకు సరిపోతుంది. సన్నని అక్షరాలకు 200 పైచిలుకు కావాలి. పల్చని కాగితంలో తీగను కత్తిరించి చట్రం కింద పెడితే, మొదటిసారి లాగినప్పుడు రంగే దాన్ని జాలీకి అతికిస్తుంది. చట్రాన్ని బందులతో బల్లకు బిగించండి, ప్రతి కాగితం మీదా బొమ్మ ఒకేచోట పడుతుంది. చట్రం కింద రూపాయి బిళ్ల మందం ఎడం ఉంచాలి. రబ్బరు స్క్వీజీని ఏటవాలుగా పట్టి ఒక్క ఊపున లాగండి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది.

మన వైపు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. పది గంటలయితే నీటి రంగు జాలీలోనే ఎండి కళ్లు మూసుకుపోతాయి. ఫజర్ నమాజు కాగానే కూర్చుంటే మేలు. పని ముగియగానే కడగాలి. మార్కాపురం నునుపు పలక ముక్క మీదా తెల్లతీగ వేసి చూశాం. నీటి రంగు చేతికి అంటింది, ఆయిల్ రంగు నిలిచింది.

ఎమల్షన్‌లో కలిపే బైక్రోమేట్ విషం. పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు. అక్షరాల చట్రం మేమూ ఆ పని చేసేవారితోనే చేయించాం. ఇక రుక్కాల మీద ఆయత్‌లు వేయకండి, పెళ్లి మర్నాడు అవి ఎక్కడ పడి ఉంటాయో మనకు తెలిసిందే. రంగు పరీక్షకు పాత పేపరు పరిచేటప్పుడూ ఈ పేజీని పక్కన పెట్టండి.

ఆ రోజు స్క్రీను అడుగున బెజ్జం మీద చిన్న టేపు ముక్క అంటించాం. చుక్క మాయమైంది. పాడైన పదింటిలో తొమ్మిది బావిగట్టున పూడ్చాను. పదోది పెళ్లికూతురు దాచుకుంది. ఇప్పటికీ వాళ్ల అత్తగారికి చూపలేదట.