భూకంప తరంగాలు – భూమి అంతర్భాగం

భూమి సగటు వ్యాసార్థం సుమారు 6,371 కి.మీ. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో శాస్త్రజ్ఞులు తవ్విన లోతైన బోరు 12 కి.మీ. కంటే కొద్దిగా ఎక్కువ దూరం మాత్రమే వెళ్ళింది. అంటే భూకేంద్రం వరకు ఉన్న దూరంలో ఐదువందలో వంతు కూడా కాదు. మిగిలిన భాగం గురించి మనకు తెలిసిన దానిలో అధిక భాగం భూకంప తరంగాల ద్వారా తెలిసిందే.

తరంగాల రకాలు

1897 జూన్ 12న సంభవించిన అస్సాం భూకంపం యూరప్‌లోని పరికరాలలో సైతం నమోదయింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ ఆ నమోదులను పరిశీలించి, మూడు రకాల తరంగాలు వేరువేరు సమయాల్లో చేరాయని గుర్తించారు.

1. ప్రాథమిక తరంగాలు (పి-తరంగాలు): ఇవి అన్నిటికంటే ముందు చేరతాయి. కణాలు తరంగం సాగే దిశలోనే ముందుకు, వెనక్కు కదులుతాయి. ఘన, ద్రవ, వాయు పదార్థాలన్నిటిలో ప్రయాణిస్తాయి.

2. ద్వితీయ తరంగాలు (ఎస్-తరంగాలు): కణాలు తరంగ దిశకు లంబంగా కదులుతాయి. పక్కకు జరిగిన పొరను తిరిగి లాగే దృఢత్వం ద్రవాలకు లేదు. కాబట్టి ఇవి ఘన పదార్థాల్లో మాత్రమే ప్రయాణిస్తాయి.

3. ఉపరితల తరంగాలు: ఇవి చివరగా చేరతాయి. భవనాలకు ఎక్కువ నష్టం కలిగించేవి సాధారణంగా ఇవే.

ఛాయా మండలం

భూప్రావారంలో లోతుకు పోయేకొద్దీ తరంగ వేగం మొత్తం మీద పెరుగుతుంది. అందువల్ల తరంగాలు వంపు తిరిగి మళ్ళీ ఉపరితలానికి వస్తాయి. అయితే అధికేంద్రం నుంచి సుమారు 103 డిగ్రీల కోణీయ దూరం దాటిన చోట్ల నేరుగా వచ్చే ఎస్-తరంగాలు నమోదు కావు. పి-తరంగాలు కూడా 103 నుంచి సుమారు 142 డిగ్రీల వరకు దాదాపు కనిపించవు. ఆ తరవాత ఆలస్యంగా చేరతాయి. ఇలా తరంగాలు చేరని ప్రాంతమే ఛాయా మండలం.

దీనికి కారణం లోపల ఉన్న ద్రవ మండలం. అది ఎస్-తరంగాలను ఆపివేస్తుంది. పి-తరంగాల వేగం అక్కడ సెకనుకు సుమారు 13.7 కి.మీ. నుంచి 8 కి.మీ.కు పడిపోవడంతో అవి తీవ్రంగా వక్రీభవనం చెందుతాయి. ఈ సరిహద్దు సుమారు 2,900 కి.మీ. లోతున ఉందని బెనో గూటెన్‌బర్గ్ లెక్కించారు.

అంతర కేంద్ర మండలం

1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం వల్ల ఛాయా మండలంలోనూ బలహీనమైన పి-తరంగాలు నమోదయ్యాయి. కేంద్ర మండలం లోపల మరొక మండలం ఉంటేనే ఇది సాధ్యమని డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమాన్ 1936లో ప్రతిపాదించారు. అది ఘనస్థితిలో ఉందని తరవాతి పరిశోధనలు తెలిపాయి.

దీన్నిబట్టి, తరంగాలు చేరడం ఎంత ముఖ్యమో చేరకపోవడం కూడా అంతే ముఖ్యమైన సాక్ష్యమని గమనించండి. అయితే ఒక్క కేంద్రం నమోదు సరిపోదు; అనేక కేంద్రాల నమోదులను పోల్చి చూడాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి

అధికేంద్రానికి 120 డిగ్రీల దూరంలోని కేంద్రంలో నేరుగా వచ్చే ఎస్-తరంగాలు నమోదు కాలేదు. పరికరం చెడిపోయిందని భావించవచ్చా? కారణం వివరించండి.