ఇంజన్ చెవి

పెట్రోల్ కారును గేరు తగ్గించకుండా ఎత్తు మీదికి లాగిస్తుంటే ఒక్కోసారి బానెట్ కిందినుంచి టకటకమని మోత వస్తుంది. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట చివరికంటా పాకకముందే, మూలన మిగిలిన పెట్రోలు ఆవిరి వేడికీ ఒత్తిడికీ తనంతట తనే భగ్గుమనడం వల్ల వచ్చే చప్పుడిది. మెకానిక్కులు నాకింగ్ అంటారు. ముదిరితే పిస్టన్‌కే చిల్లు పడుతుంది.

దీనికి మొదట దొరికిన మందు విషం. 1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ, పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కాస్త కలిపితే మోత ఆగుతుందని కనిపెట్టాడు. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ సీసం సోకి ఐదుగురు కార్మికులు మతిచలించి చనిపోయారు. అయినా ప్రపంచం దశాబ్దాలపాటు ఆ పొగ పీల్చింది. మన బంకుల్లో 2000 దాకా సీసం పెట్రోలు ఉంది. మోతను అణచడం కాదు, వినడం నేర్చుకోవాల్సింది. ఆ పని ఎంతో ముందే జరగాల్సిందని నా బాధ.

వినే సాధనం అప్పటికే ఉంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లోనే క్యూరీ సోదరులు చూపించారు. ఈ మోతను వినే నాక్ సెన్సర్‌లో ఉన్నది అదే: ఒక పింగాణీ బిళ్ల, దాని మీద చిన్న బరువు, రెండింటినీ ఇంజన్ బ్లాకుకు బిగించే బోల్టు. నాకింగ్ అదురు చాలా కార్లలో 6, 7 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అది వినబడగానే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేసి, మోత తగ్గాక మెల్లగా మళ్లీ మొదటి చోటికే తెస్తుంది. 1978 నాటి బ్యూక్ టర్బో వీ6లో ఈ ఏర్పాటు వచ్చింది.

ఆ చెవి పనిచేయకపోతే? కంప్యూటర్ తెగించదు. స్పార్క్‌ను ముందే ఆలస్యం చేసి పెడుతుంది. పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0325 లాంటి కోడ్ వస్తుంది. చాలామంది ఇక్కడే కొత్త సెన్సర్ కొనేస్తారు. కానీ ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి. అందులో వైరూ ఉంది, కనెక్టరూ ఉంది.

జనరల్ మోటార్స్ పాత 5.3 లీటర్ల వీ8 ట్రక్కులనే చూడండి. రెండు సెన్సర్లూ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో గుంటల్లో కూర్చుంటాయి. వాన నీరో, ఇంజన్ కడిగిన నీరో వెనక గుంటలోకి దిగుతుంది. సెన్సర్ తుప్పు పడుతుంది, కనెక్టర్ పిన్నులు పచ్చబారతాయి.

అందుకే మానిఫోల్డ్ విప్పకముందే, వైరు పైకి వచ్చే కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. ఒక ముల్లు పిన్నుకు, ఇంకొకటి బ్లాకుకు. ఈ రకం మంచి సెన్సర్ సుమారు 100 కిలోఓమ్‌లు చూపిస్తుంది. అంత వస్తే తప్పు అక్కడి నుంచి కంప్యూటర్ దాకా ఉన్న వైరింగ్‌లో వెతకాలి. రాకపోతే మానిఫోల్డ్ ఎత్తక తప్పదు. అప్పుడు నేరుగా సెన్సర్ మీదే కొలిచి 100 వస్తే దోషం మధ్యలోని వైరుది, రాకపోతే సెన్సర్‌దే.

సెన్సర్ మార్చినా, బిగించడంలో నిర్లక్ష్యం పనికిరాదు. కింద తుప్పంతా గీకెయ్యాలి, టార్క్ రెంచ్‌తో సుమారు 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. వదులైతే అదురు అందదు, మరీ బిగిస్తే బిళ్ల దెబ్బతింటుంది. వెనక గుంట చుట్టూ సిలికాన్‌తో చిన్న గట్టు కడితే నీళ్లు మళ్లీ దిగవు. 2005లో వచ్చిన ఎల్‌ఎస్2 ఇంజన్‌లో కంపెనీ ఈ సెన్సర్లను లోయలోంచి తీసి బ్లాకు పక్కలకు మార్చింది.