హిమాలయన్ రెండో యజమాని

చెన్నైలో తొండియార్‌పేట మీదుగా తిరువొత్తియూరు హైరోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే ఎన్‌ఫీల్డ్ పాత ఫ్యాక్టరీ వస్తుంది. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ 1955లో చేతులు కలపడంతో మొదలైన కథ అది. రెడిచ్‌లో బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మన దేశంలో మాత్రం ఆగలేదు, 2013 నుంచి ఒరగడంలో సాగుతోంది. అందుకే టీఎన్ 03 అన్న తొండియార్‌పేట ఆర్టీఓ నంబరుతో ఎన్‌ఫీల్డ్ వారి పాత హిమాలయన్ బైకు అమ్మకానికి వస్తే, ఆ పేటకు అది దూరపు బండి కాదు.

తారు రోడ్డుకూ మట్టి బాటకూ ఒకే బండి (డ్యూయల్ స్పోర్ట్) అన్న ఆలోచనను జనంలోకి గట్టిగా తెచ్చింది 1968 నాటి యమహా డీటీ-1. 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్ అదే ఆలోచనను పెద్ద ఇంజిన్‌కు ఎక్కించింది. మన దేశంలో 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది కానీ 150 సీసీ బలం కొనేవాళ్లకు చాలలేదు. లడఖ్ వెళ్లేవాళ్లు బుల్లెట్ మీదే వెళ్లారు. 2016లో లక్షన్నర పైచిలుకు ధరతో హిమాలయన్ 411 వచ్చాక లెక్క మారింది. 2023 నవంబరులో నీటితో చల్లబడే 452 సీసీ ఇంజిన్‌తో కొత్త హిమాలయన్ దిగింది. పాత 411 కావాలంటే ఇక సెకండ్‌హ్యాండ్ బండే దిక్కు.

కావాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిన్ కొలతలు చూస్తే కారణం తెలుస్తుంది. సిలిండర్ వ్యాసం 78 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 86. ఇలా స్ట్రోక్ పొడవుగా ఉండే ఇంజిన్‌ను తక్కువ వేగంలోనే లాగేలా మలచడం తేలిక. దీని గరిష్ఠ టార్క్ 32 న్యూటన్ మీటర్లు, అదీ 4,000-4,500 ఆర్‌పీఎం మధ్యే అందుతుంది. నాగలాపురం కొండల దగ్గర గులకరాళ్ల వాగులో నెమ్మదిగా పోవాలంటే కావలసింది ఆ లాగుడే. హైవే మీద పరుగు ఆశిస్తే మాత్రం 24.5 హార్స్‌పవర్ నిరాశపరుస్తుంది.

ముందు చక్రం 21 అంగుళాలు. పది సెంటీమీటర్ల రాయి అడ్డొచ్చినప్పుడు చక్రం ఇరుసు నుంచి రాయి తగిలిన చోటికి గీత గీస్తే, అది నిటారు నుంచి దాదాపు 45 డిగ్రీలు వాలి ఉంటుంది. మామూలు బైకుల 17 అంగుళాల చక్రానికి అది 49 డిగ్రీలు. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, పైకెత్తే బలంతో పోల్చినప్పుడు వెనక్కి నెట్టే బలం చిన్న చక్రంలో సుమారు ఆరో వంతు ఎక్కువ. పెద్ద చక్రం రాయిని ఎక్కి దాటేస్తుంది, చిన్నది దానికి కొట్టుకుంటుంది. మిగతా దెబ్బను 200 మిల్లీమీటర్ల ప్రయాణమున్న ముందు ఫోర్కు మింగుతుంది.

మింగిన దెబ్బలన్నీ ఎక్కడో ఒక చోట మిగులుతాయి. పాత బండి కొనడమంటే ఆ చోట్లు వెతకడమే. నన్నడిగితే మీటరు మీది కిలోమీటర్ల అంకెను అన్నిటికంటే చివర చూడాలి. అది మార్చదగిన అంకె.

మొదట హ్యాండిల్. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ముందు చక్రం గాలిలో ఉండేలా వెనక బరువు పెట్టి, హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. సరిగ్గా నడి మధ్యలో చిన్న పట్టు తగిలితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగు, పోయినట్టే. ఎక్కువ సేపు హ్యాండిల్ తిన్నగానే ఉంటుంది గనక లోపలి ఉక్కు బంతులు ఎప్పుడూ ఒకే చోట ఆని ఉంటాయి. గతుకుల అదురుకు అక్కడి గ్రీజు పక్కకు తొలగి, బంతులు కింది వలయంలో గుంటలు చేస్తాయి. కంటెయినర్ లారీలు నలగ్గొట్టిన రోడ్ల మీద రోజూ తిరిగిన బండికి ఇది తప్పదు. మార్చడం పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించమని అడగడానికి న్యాయమైన కారణం.

తర్వాత చువ్వలు. చిన్న స్పానర్‌తో ఒక్కొక్కటీ తట్టండి. బిగువుగా ఉన్నది ఖణేల్‌మంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. సముద్రపు గాలి తగిలే పేటలో చువ్వల మొదళ్ల తుప్పు కూడా చూడాలి. టైరు పక్క గోడ మీది నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. బండి 2017ది, మీటరు మీద ఎనిమిది వేల కిలోమీటర్లు, టైరు 2022దయితే ఎందుకు మార్చారని అడగాలి. ట్యాంకు పక్క ఇనుప చట్రం మీది గీతలకు మాత్రం బెదరక్కర్లేదు. మట్టిలో మెల్లగా పడని డ్యూయల్ స్పోర్ట్ బండి అరుదు.

చెన్నైలో మరో పరీక్ష తప్పనిసరి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో ఈ నగరంలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. ఆయిల్ అద్దంలో పాల కాఫీ రంగు కనిపిస్తే లోపల నీళ్లు కలిసినట్టు. ఆయిల్ మార్చి అమ్మేవాళ్లూ ఉంటారు. అందుకని సీటు తీసి వైరింగ్ కనెక్టర్లు విప్పించి చూడాలి, రాగి మీద పచ్చటి చిలుము దాచడం కష్టం. అమ్మే మనిషికి ముందే చెప్పి, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లాలి. ముట్టుకుంటే వేడిగా ఉందంటే తొలి స్టార్టులో వచ్చే చప్పుడూ నీలి పొగా మీకు తెలియకుండా పోయినట్టే.

ఇక కాగితాలు. ఇక్కడ అమ్మేవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. బ్యాంకు అప్పు తీరితే ఫారం 35. నెల్లూరుకో తిరుపతికో బండి వెళ్లాలంటే ఫారం 28 మీద ఎన్ఓసీ. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. బండి మరో రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతికిచ్చి డబ్బు తీసుకుని వెళ్లిపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది అలాంటి పరిస్థితే. బండి పలు చేతులు మారింది, ఆర్‌సీలో మాత్రం మొదటి పేరే ఉంది. ప్రమాదానికి పరిహారం చెల్లించే బాధ్యత ఆ పేరున్న మనిషిదేనని కోర్టు తేల్చింది. కాబట్టి కొన్నవారి పేరుతో కొత్త ఆర్‌సీ వచ్చేదాకా అమ్మకం పూర్తి కాలేదనే లెక్క.